నీలి వెలుగు నడిచిన దారి

1987 అక్టోబరు చివర్లో బ్రెజిల్‌లోని గొయానియా నగరంలో ఒక ఆరేళ్ల పాపను ఖననం చేశారు. సీసం పొదిగిన శవపేటిక అది. మోయడానికి మనుషులు చాలలేదు, క్రేను తెచ్చారు. శ్మశానం దగ్గర జనం పోగయ్యారు. దుఃఖించడానికి కాదు, అడ్డుకోవడానికి. ఈ శవాన్ని మా నేలలో పెట్టొద్దని అరిచారు, రాళ్లు విసిరారు. ఆ రాళ్ల మధ్యనే పేటికను గోతిలోకి దించి, పైన కాంక్రీటు పోశారు.

ఆ పాప చివరి ప్రయాణానికి కావలసిన జాగ్రత్తలన్నీ తీసుకున్నారు. సీసం ఉంది, కాపలా ఉంది, ఏం మోస్తున్నామో తెలిసిన మనుషులు ఉన్నారు. ఆమెను చంపిన వస్తువు మాత్రం పదహారు రోజులు ఆ నగరంలో తోపుడుబండిలో, జేబుల్లో, సంచిలో, చివరికి సిటీ బస్సులో తిరిగింది. దానికి ఈ జాగ్రత్తల్లో ఒక్కటీ దక్కలేదు.

అది 93 గ్రాముల పొడి. సీజియం-137 క్లోరైడ్. క్యాన్సర్ రోగులకు రేడియేషన్ చికిత్స ఇచ్చే యంత్రంలో, అరచేతిలో పట్టే లోహపు గొట్టంలో మూసి ఉండేది. మనుషులను బతికించడానికి చేసిన వస్తువే. అలాంటిదాన్ని ఒక చోటి నుంచి మరో చోటికి తరలించడానికి లోకమంతటా కట్టుదిట్టమైన పద్ధతి ఉంది. ఎత్తు నుంచి పడినా పగలని, మంటల్లో పడినా కరగని బరువైన పాత్రలో పెట్టాలి. మూడు రెక్కల గుర్తు అంటించాలి. బయటికి ఎంత రేడియేషన్ వస్తోందో చీటీ మీద రాయాలి. దారిలో లారీ బోల్తా పడితే ఏం చేయాలో చెప్పే కాగితం డ్రైవరు దగ్గర ఉండాలి. ముందు గాయపడ్డవాళ్లను కాపాడు, తర్వాత జనాన్ని దూరంగా పంపు, దేన్నీ ముట్టుకోకు, కొలిచే సాధనంతో తెలిసినవాళ్లు వచ్చేదాకా ఎవరినీ దగ్గరికి రానివ్వకు. ఇంత పకడ్బందీ ఏర్పాటంతా ఒక్క సంగతి మీద నిలబడింది. ఆ వస్తువు దారిలో ఉందని ఎవరో ఒకరికి తెలిసి ఉండాలి.

గొయానియాలో ఎవరికీ తెలియలేదు.

1985 చివర్లో ఆ నగరంలోని ఒక ప్రైవేటు రేడియోథెరపీ సంస్థ కొత్త భవనంలోకి మారింది. కోబాల్టు యంత్రాన్ని వెంట తీసుకుపోయింది. పాతదైపోయిన సీజియం యంత్రాన్ని ఉన్నచోటే వదిలేసింది. లైసెన్సు షరతుల ప్రకారం ఆ మాట దేశ అణుశక్తి సంఘానికి చెప్పాలి. చెప్పలేదు. ఒక్క ఉత్తరం. ఈ కథ దారి మళ్లగలిగిన మొదటి మలుపు అదే, అన్నిటికన్నా సులువైనదీ అదే. తర్వాత ఆ స్థలం కోర్టు వివాదంలో పడింది. భవనాన్ని సగం కూల్చారు, తలుపులు పోయాయి, కిటికీలు పోయాయి. ఇల్లూ వాకిలీ లేనివాళ్లు అక్కడ తలదాచుకునేవారు. వాళ్ల పక్కనే, ఆ శిథిలాల్లో, ఆ యంత్రం రెండేళ్లకు కాస్త తక్కువగా పడి ఉంది.

1987 సెప్టెంబరు 13న ఇద్దరు యువకులు లోపలికి వెళ్లారు. అక్కడ విలువైన లోహం ఉందని ఎవరో అన్నారు. చేతికందిన పనిముట్లతోనే యంత్రం తలభాగాన్ని ఊడదీసి తోపుడుబండిలో వేసుకుని, అరకిలోమీటరు దూరంలో ఉన్న ఒకరి ఇంటికి తోసుకుపోయారు. ఆ రోజే ఇద్దరికీ వాంతులు మొదలయ్యాయి. మర్నాడు కళ్లు తిరిగాయి, విరేచనాలు పట్టుకున్నాయి. ఒకరి చెయ్యి వాచింది. డాక్టరు దగ్గరికి వెళితే ఏదో పడని తిండి తిన్నట్టున్నారన్నాడు. ఆయన్ను తప్పుపట్టడానికి నాకు మనసొప్పదు. వాచిన చేతిని చూసి సీజియం గుర్తొచ్చే వైద్యుడు ఏ ఊళ్లో ఉంటాడు? కానీ ఆ గదిలో అడగకుండా మిగిలిపోయిన ప్రశ్న ఒకటుంది. ఈ మధ్య ఏం మోశావు నాయనా, ఏం విప్పావు అని. ఆ ఒక్క మాట అడిగి ఉంటే పాప బతికేదేమో.

పెరట్లో మామిడిచెట్టు కింద కూర్చుని వాళ్లు ఆ గొట్టాన్ని విప్పారు. స్క్రూడ్రైవరుతో పొడిస్తే దాని పల్చని కిటికీ చిల్లుపడింది. లోపలి పొడి నీళ్లలో ఉప్పులా కరిగే రకం, తాకిన ప్రతిదానికీ అంటుకునే రకం. సెప్టెంబరు 18న ఆ ముక్కలన్నిటినీ దగ్గర్లోని పాత ఇనుప సామాన్ల వ్యాపారికి అమ్మేశారు.

ఆ రాత్రి వ్యాపారి తన షెడ్డు వైపు చూశాడు. లోహం మధ్య నుంచి నీలి వెలుగు వస్తోంది. ఎంత అందంగా ఉండి ఉంటుందో! తుప్పు, మసి, నూనె మరకల మధ్య బతికే మనిషికి ఆ వెలుగు దైవమో నిధో అనిపించడంలో వింతేముంది? దాన్ని ఇంట్లోకి తెచ్చుకున్నాడు. భార్యకు ఉంగరం చేయించాలనుకున్నాడు. మూడు రోజుల పాటు చుట్టాలు, స్నేహితులు, ఇరుగుపొరుగు వచ్చి చూసి వెళ్లారు. ఒక స్నేహితుడు బియ్యపుగింజలంత ముక్కలు గీకి ఇచ్చాడు. వాటిని పంచుకున్నారు. కార్నివాల్ పండుగకు మెరుపుపొడి రాసుకునే జనం కదా, కొందరు ఒంటికి రాసుకున్నారు. ఈ కథలో నా గుండె అన్నిటికన్నా ఎక్కువ బరువెక్కేది ఇక్కడే. దొంగతనం కాదు, దురాశ కాదు. పేదవాళ్లు తమ ఇంటికి వచ్చిన అందాన్ని దాచుకోకుండా పంచుకున్నారు. పంచుకున్న ప్రతి ఇంటికీ మృత్యువు నడిచి వెళ్లింది.

వ్యాపారి భార్య ముందు మంచం పట్టింది. ఆమె వయసు 37. కూతురికి సేవ చేయడానికి తల్లి వేరే ఊరి నుంచి వచ్చి, రెండు రోజులు ఉండి, తెలియకుండానే ఆ పొడిని తనతో తన ఊరికి తీసుకుపోయింది.

24న వ్యాపారి సోదరుడు కొన్ని ముక్కలు తన ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆయన కూతురే ఆ ఆరేళ్ల పాప. మెరిసే పొడితో ఆడుకుంది, ఆ చేతులతోనే అన్నానికి కూర్చుంది. పిల్లలు చేతులు కడుక్కోకుండా తినడం ఏ దేశంలోనైనా రోజూ జరిగేదే. తల్లి మందలించే ఉంటుంది, మందలించకపోయినా ఏమవుతుంది? మామూలు రోజైతే ఏమీ అయ్యేది కాదు.

ఇక ఆ వ్యాపారి భార్య సంగతి చెప్పాలి. పాపకు ఆమె మన లెక్కలో తల్లి వరస. ఒంట్లో ఓపిక లేదు. కానీ చుట్టూ ఒక్కొక్కరే పడిపోతుంటే ఆమె ఒక్కతే లెక్క కట్టింది. తిండి కాదు, గాలి కాదు, ఆ వెలిగే పొడి వచ్చినప్పటి నుంచే ఇదంతా మొదలైందని పట్టుకుంది. అప్పటికే భర్త ఆ ముక్కల్ని మరో పాత సామాన్ల దుకాణానికి అమ్మేశాడు. సెప్టెంబరు 28న ఆమె తమ పనివాణ్ని వెంటబెట్టుకుని ఆ దుకాణానికి వెళ్లి, మిగిలినవన్నీ సంచిలో వేయించింది. ఇద్దరూ బస్సెక్కారు. దిగాక అతను ఆ సంచిని భుజాన వేసుకుని నడిచాడు. తర్వాత అతని భుజం మీద ఆ సంచి ఆనిన మేర చర్మం కాలిపోయింది. నగర ఆరోగ్య పర్యవేక్షణ కార్యాలయంలో డాక్టరు బల్ల మీద సంచి పెట్టి, ఇదే మా వాళ్లను చంపుతోందని ఆమె చెప్పింది.

అణుశక్తి సంఘం చేయవలసిన పని, ఆసుపత్రి చేయవలసిన పని, పోలీసులు చేయవలసిన పని చావుకు దగ్గరైన ఒక గృహిణి బస్సులో వెళ్లి చేసింది. ఆ పదహారు రోజుల్లో ఆ వస్తువు చేసిన ప్రయాణాలన్నిటిలో, ఏం తీసుకెళ్తున్నామో కాస్తయినా ఎరిగి చేసిన ప్రయాణం అదొక్కటే. అత్యవసర స్పందన అని పుస్తకాల్లో రాసుకున్నదాన్ని గొయానియాలో మొదలుపెట్టింది ఆమె.

డాక్టరు కాసేపు ఆ సంచిని బల్ల మీదే ఉంచి, తర్వాత భయం వేసి పెరట్లో గోడ పక్కన కుర్చీలో పెట్టించాడు. ఆమెను ఉష్ణమండల వ్యాధుల ఆసుపత్రికి పంపారు. అక్కడ ఒక వైద్యుడికి, రోగుల ఒంటి మీది పుండ్లు రేడియేషన్ వల్లనేమో అన్న అనుమానం మెరిసింది. అదృష్టవశాత్తు ఊరికి వచ్చి ఉన్న ఒక భౌతికశాస్త్రవేత్తకు కబురు వెళ్లింది. 29 ఉదయం ఆయన యురేనియం అన్వేషణకు వాడే మీటరును అరువు తెచ్చుకుని బయల్దేరాడు. కార్యాలయానికి ఇంకా దూరంగా ఉండగానే మీటరు ముల్లు చివరిదాకా వెళ్లి అంటుకుపోయింది. ఎటు తిప్పినా అంతే. మీటరు పాడైందనుకుని వెనక్కి వెళ్లి ఇంకోటి తెచ్చాడు. అదీ అంతే చెప్పింది. ఈలోగా ఆందోళన పడ్డ డాక్టరు అగ్నిమాపక దళాన్ని పిలిచాడు. వాళ్లు వచ్చారు, చూశారు, సంచిని తీసుకెళ్లి నదిలో పారేద్దామనుకున్నారు. సరిగ్గా అప్పుడే శాస్త్రవేత్త వచ్చి ఆపాడు. నీళ్లలో కరిగే ఆ పొడి, నది, నది దిగువన ఊళ్లు. అక్కడితో నా ఊహ ఆగిపోతుంది.

ఆ తర్వాత జరిగింది నిజమైన స్పందనే, పెద్దదే. కుర్చీతో సహా ఆ సంచి చుట్టూ మురుగునీటి గొట్టం ముక్కను క్రేనుతో నిలబెట్టి కాంక్రీటుతో నింపారు. ఒలింపిక్ స్టేడియంలో గుడారాలు వేశారు. లక్షా 12 వేల మందిని పరీక్షిస్తే 249 మందికి ఆ పొడి అంటుకుని ఉంది. తీవ్రంగా జబ్బుపడ్డవాళ్లను రియో డి జనీరోలోని నావికాదళ ఆసుపత్రికి విమానంలో తరలించారు. సీజియాన్ని ఒంట్లోంచి బయటికి లాగే మందు ప్రష్యన్ బ్లూ, అదీ నీలి రంగుదే. అది చాలామందిని కాపాడింది, నలుగురిని మాత్రం కాపాడలేకపోయింది. పాపా, ఆ ఇల్లాలూ ఒకే రోజు, అక్టోబరు 23న పోయారు. దుకాణంలో పనిచేసిన ఇద్దరు కుర్రాళ్లు, ఒకడికి 22, ఇంకొకడికి 18, ఆ వారంలోనే వెళ్లిపోయారు. మొదట యంత్రం ఊడదీసినవాళ్లలో ఒకరికి చెయ్యి తీసేయవలసి వచ్చింది. ఉంగరం చేయిద్దామనుకున్న భర్త బతికాడు. ఆమె కన్నా అతని ఒంట్లోకి ఎక్కువ రేడియేషన్ వెళ్లిందట, కానీ ఎక్కువసేపు ఇంటి బయట గడపడం వల్ల అది విడతలు విడతలుగా వెళ్లింది. ఆమె ఇంటిపట్టున ఉంది.

ఏడు ఇళ్లను కూల్చేశారు. పెరళ్లలో మట్టి తవ్వేశారు, చెట్ల కొమ్మలు కొట్టేశారు, కాయలు తీసేశారు. ఇళ్లలోని సామాను ఒక్కొక్కటే మీటరు కింద పెట్టి చూశారు. నగలను, మనసుకు దగ్గరైన వస్తువులను మాత్రం ఎంత కష్టమైనా శుభ్రం చేసి తిరిగి ఇవ్వడానికి ప్రయత్నించారు. ఎవరు తీసుకున్న నిర్ణయమో గాని, చేతులెత్తి నమస్కరించాలి. 93 గ్రాముల పొడి మిగిల్చిన చెత్త 3,500 ఘనపు మీటర్లు. 275కు పైగా లారీలు నిండాయి. అదంతా నగరానికి ఇరవై కిలోమీటర్ల దూరాన అబాదియా డి గొయాస్ దగ్గర ఉంది. గొయానియా వాళ్లకు మాత్రం వేరే ఊళ్ల హోటళ్లలో గది ఇవ్వలేదు. మాకేమీ అంటలేదని ధ్రువపత్రాలు పట్టుకు తిరగవలసి వచ్చింది.

ఇది ఎక్కడో దూరదేశపు ముచ్చట అనుకోవడానికి లేదు. ఢిల్లీ విశ్వవిద్యాలయంలో ఇరవై అయిదేళ్లుగా వాడకుండా పడి ఉన్న గామా యంత్రాన్ని 2010 ఫిబ్రవరిలో పాత సామానుగా వేలం వేశారు. లోపల కోబాల్టు-60 ఉందన్న సంగతి ఎవరూ పట్టించుకోలేదు. అది మాయాపురి తుక్కు మార్కెట్‌కు చేరింది, అక్కడ దాన్ని విప్పారు. ఒకాయన మెరిసే ముక్కను పర్సులో పెట్టుకున్నాడు. ఏడెనిమిది మంది ఆసుపత్రి పాలయ్యారు, ఏప్రిల్‌లో ఒక కార్మికుడు చనిపోయాడు. గొయానియాకు ఇరవై మూడేళ్ల తర్వాత కూడా అదే నిర్లక్ష్యం, అదే దారి, అదే మెరుపు.

మూడు రెక్కల గుర్తు సామాన్యులకు అర్థం కావడం లేదని అంతర్జాతీయ అణుశక్తి సంస్థ 2007లో అదనంగా ఇంకో గుర్తు తెచ్చింది. ఎర్రటి త్రికోణంలో పుర్రె, దూరంగా పరుగెత్తుతున్న మనిషి. రోడ్డు పక్కనో తుక్కు కుప్పలోనో ఆ గుర్తున్న వస్తువు గాని, చూపుకు మించిన బరువున్న సీసపు డబ్బా గాని కనిపిస్తే ముట్టుకోకండి, విప్పకండి, నీళ్లలో పారేయకండి. నలుగురినీ దూరంగా పంపి 112కు ఫోన్ చేయండి. ఇంటిల్లిపాదికీ ఒకేసారి వాంతులు పట్టుకుంటే డాక్టరుకు ఏం తిన్నారో చెప్పి ఊరుకోకండి, ఇంటికి ఏం తెచ్చారో కూడా చెప్పండి.