గండికోట బలం లోయ కాదు, ఊటలు

కడప జిల్లాలో "మన గ్రాండ్ కాన్యన్" ఉందని ఇప్పుడు అందరికీ తెలుసు. బెంగుళూరు, హైదరాబాదు ఐటీ జనం శనివారం వచ్చి హరిత రిసార్టులోనో టెంట్లోనో పడుకుని, సూర్యోదయం ఫొటో తీసుకుని, పది గంటలకల్లా వెనక్కి బయల్దేరుతారు. నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే ఆ ఫొటోలో అసలు సంగతి పడదు.

మాది పుట్టపర్తి. మా చిత్రావతిలో నీళ్ళకన్నా ఇసకని ఎక్కువగా చూస్తూ పెరిగాం. ఆ చిత్రావతీ పెన్నా రెండూ నంది కొండల ప్రాంతంలోనే పుట్టి, విడివిడిగా మా కరువు నేల అంతా తిరిగి, గండికోట దగ్గర కలుస్తాయి. ఎర్రమల కొండల్ని కోసుకుంటూ పెన్న చేసిన గండి ఇది. అందుకే ఆ కోట గండికోట అయింది.

మరి అంత ఎత్తున, రాళ్ళ మీద, ఒక కోట శతాబ్దాల పాటు ఎలా బతికింది? లోయ శత్రువుని ఆపుతుంది, నిజమే. కానీ దాహం తీర్చదు కదా! ముట్టడిలో ఉన్నవాడికి అడుగున పారే నది ఉన్నా లేనట్టే.

జవాబు ఒక ఫ్రెంచి వజ్రాల వ్యాపారి రాతల్లో దొరుకుతుంది. టావెర్నియే 1652లో ఇక్కడికొచ్చాడు. అప్పటికి కొద్దికాలం కిందటే గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పెమ్మసాని నాయకుల నుంచి కోటని పట్టుకున్నాడు. కొండ మీద చిన్న మైదానం ఉందనీ, అందులో వరి, చిరుధాన్యాలు పండిస్తున్నారనీ, చిన్న చిన్న ఊటలు వాటికి నీళ్ళందిస్తున్నాయనీ టావెర్నియే రాశాడు. కోట మీద వరి! ఇప్పటికీ అక్కడ పెద్ద ధాన్యాగారం, రాయల చెరువు, కత్తుల కోనేరు కనిపిస్తాయి. మసీదు, మాధవరాయ గుడి చూసి వెళ్ళిపోయేవాళ్ళు వీటి దగ్గర రెండు నిమిషాలైనా ఆగరు.

ఆ పెమ్మసాని వాళ్ళే పెన్న ఒడ్డున తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరుడి గుడి కట్టించారు. లింగం దగ్గర నీళ్ళు ఊరుతూ ఉంటాయి కాబట్టి ఆ పేరు. బుగ్గ అనగానే వేడినీళ్ళనుకోకండి, వాటి కోసం భద్రాచలం దగ్గర గుండాల వెళ్ళి గోదావరి ఇసకలో తవ్వుకోవాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్లు కూడా గ్యారంటీ లేని చోట, చన్నీళ్ళు ఊరితే చాలు, దేవుడున్నట్టే.

ఇప్పుడు నీటి లెక్క మారింది. కోటకి ఎగువన దాదాపు 27 టీఎంసీల గండికోట జలాశయం, దిగువన మైలవరం డ్యామ్. సీమకి నీళ్ళు కావాలి, అందులో వాదనే లేదు. కానీ ఆ నీళ్ళ కోసం ఊళ్ళకి ఊళ్ళు ఖాళీ అయ్యాయి. పరిహారం తేలకముందే ఇళ్ళలోకి నీళ్ళొస్తున్నాయని 2020లో తాళ్ళప్రొద్దుటూరు జనం రోడ్డెక్కారు.

2024లో కేంద్రం గండికోట టూరిజానికి 77.91 కోట్లు మంజూరు చేసింది. సంతోషం. ఆ డబ్బుతో ఇంకో వ్యూ పాయింట్ కడితే కట్టండి. దాంతోపాటు రాయల చెరువు దగ్గర ఒక బోర్డు పెట్టి కోట ఎలా నీళ్ళు తాగిందో రాయండి. పక్కనే మునిగిన ఊళ్ళ పేర్లు కూడా రాయండి. సీమ చరిత్రంటే ఎవరు గెలిచారన్నదొక్కటే కాదు, నీళ్ళు ఎవరికి దక్కాయి, ఎవరు మూల్యం చెల్లించారు అన్నది కూడా.