లంక చుట్ట, షెర్లాక్ హోమ్స్, ఓ సీటీ స్కాను

షెర్లాక్ హోమ్స్ పిచ్చి ఉన్నవాళ్ళకి ఓ చిన్న ప్రశ్న. ఆయన మన గోదావరి సరుకు గురించి ఎక్కడ మాట్లాడాడు?

1890లో వచ్చిన 'ది సైన్ ఆఫ్ ఫోర్' మొదటి అధ్యాయం తిరగెయ్యండి. బూడిద చూసి అది ఏ పొగాకో చెప్పడం మీద తనో పుస్తకం రాశానని వాట్సన్ దగ్గర గొప్పలు పోతాడు. అక్కడ ఉదాహరణకి చెప్పింది 'లుంకా' చుట్ట. ఈ లుంకా మరేదో కాదండీ, మన లంకే! గోదావరి పాయల మధ్య లంకల్లో పండిన పొగాకుతో చుట్టిన చుట్ట. దొరల కాలం నాటి హాబ్సన్-జాబ్సన్ నిఘంటువు కూడా ఈ మాటకి గోదావరి లంకలనే చూపిస్తుంది.

ఇంజినీరింగ్ లో ఉండగా ఇది చదివి తెగ పొంగిపోయాను. మా తాతయ్య జీవితాంతం కాల్చింది ఆ చుట్టే మరి. ఎనభై నాలుగేళ్ళు బతికాడు. ఆయన పెద్దకొడుకు, అంటే మా పెదనాన్న, జంగారెడ్డిగూడెం వైపు పొగాకు బ్యారన్ల దగ్గర పనిచేసేవాడు. చుట్ట మోటు అని సిగరెట్లు కాల్చేవాడు. అరవై ఒకటో ఏట ఊపిరితిత్తుల కాన్సర్ తో పోయాడు. అప్పట్నుంచీ మా ఇంట్లో ఒకటే వాదన: "తాతయ్యకి ఏం కాలేదుగా?"

ఒక్క తాతయ్యని చూసి లెక్క కట్టడం ఒక్క టెస్ట్ కేసు పాసయిందని రిలీజ్ చేసెయ్యడం లాంటిదే, అది మనకి తెలిసిందే. కానీ ఆకుల్లో కూడా తేడా ఉంది. లంకాకుని గాలికీ ఎండకీ ఆరబెడతారు. దాని పొగకి క్షారగుణం ఎక్కువ, నికోటిన్ నోట్లోంచే ఒంట్లోకి పోతుంది, అందుకే పొగ లోపలిదాకా పీల్చక్కర్లేదు. వర్జీనియా ఆకుని బ్యారన్లో పెట్టి రోజుల తరబడి వేడి మీద కాలుస్తారు. అందులో చక్కెర మిగిలిపోతుంది, పొగకి ఆమ్లగుణం వస్తుంది. కిక్కు కావాలంటే గుండెల నిండా పీల్చాల్సిందే. చుట్ట దెబ్బ ముందు నోటికి, సిగరెట్ దెబ్బ ముందు ఊపిరితిత్తులకి. (అలాగని చుట్ట కాల్చేవాళ్ళ ఊపిరితిత్తులు భద్రం అనుకోకండి. రిస్కు తక్కువంతే, సున్నా కాదు.)

వర్జీనియా 1920ల్లో గుంటూరు ప్రాంతంలో మొదలైంది, తర్వాత పశ్చిమ గోదావరి మెట్టకి పాకింది. 1947లో రాజమండ్రిలో కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థ పెట్టారు. సరిగ్గా మూడేళ్ళకి, 1950లో, లండన్లో డాల్, హిల్ అనే ఇద్దరు ఊపిరితిత్తుల కాన్సర్ కీ సిగరెట్ కీ ఉన్న లంకెని అంకెలతో చూపించారు. ఆ కబురు మా ఊరి కిళ్ళీకొట్టు దాకా రావడానికి ఎన్నేళ్ళు పట్టిందో మీరే ఊహించుకోండి.

ముందే పట్టుకోవడం అనే పని మన దగ్గర మొదలైంది ఊపిరితిత్తులతో కాదు, నోటితో. శ్రీకాకుళం, విశాఖ వైపు అడ్డపొగ తెలుసు కదా, చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని కాల్చడం. ఎక్కువగా ఆడవాళ్ళ అలవాటు. 1960ల చివర్లో బొంబాయి టాటా ఇన్స్టిట్యూట్ దంతవైద్య పరిశోధకులు శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో ఇంటింటికీ తిరిగి 10,169 మంది నోళ్ళు చూశారు. నూటికి నలభై మందికి పైగా అడ్డపొగే! అంగిట్లో తెల్లమచ్చలు, పుళ్ళు, కొందరికి కాన్సర్. ఆ తర్వాత శ్రీకాకుళంతో సహా మూడు జిల్లాల్లో 36,000 మంది చేత పొగాకు మాన్పించే ప్రయత్నం చేసి, కాన్సర్ కి ముందొచ్చే మచ్చలు తగ్గాయని 1986లో లాన్సెట్ లో రాశారు. ఖర్చెంత? ఓ టార్చి లైటు, ఓపిగ్గా తిరిగే మనుషులు.

ఊపిరితిత్తులకి ఆ సదుపాయం లేదు. టార్చి వేసి చూడలేం. మరి ఎక్స్ రే? అమెరికాలో మేయో క్లినిక్ వాళ్ళు 1971 నుంచి సిగరెట్ బాగా కాల్చే 9,000 మందికి పైగా మగవాళ్ళని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి నాలుగు నెలలకోసారి ఎక్స్ రే, కఫం పరీక్ష. ఆ గుంపులో 206 కాన్సర్లు దొరికాయి, రెండోదాంట్లో 160. బావుంది కదా? చావులు చూడండి: 122, 115. అంటే ఎక్కువ పట్టుకున్నారు గానీ ఎవర్నీ ఎక్కువ బతికించలేదు. బగ్గుని రెండు నెలలు ముందు లాగ్ చేశాం, ఫిక్స్ మాత్రం లేదు, రిపోర్టులో 'బగ్ వయసు' పెరిగింది. నాకు మొత్తం చరిత్రలో అన్నిటికన్నా నచ్చిన ముక్క ఇదే, ఎందుకంటే "ముందే తెలిస్తే మంచిదేగా" అని మనమంతా కళ్ళు మూసుకుని నమ్ముతాం.

దారి చూపించింది సీటీ. 2002లో అమెరికాలో మొదలుపెట్టి 53,454 మందిని చేర్చుకున్నారు. సగంమందికి ఏడాదికొకటి చొప్పున మూడు లో-డోస్ సీటీలు, మిగతావాళ్ళకి ఎక్స్ రేలు. 2011లో ఫలితం వచ్చింది: సీటీ గుంపులో ఊపిరితిత్తుల కాన్సర్ చావులు 20 శాతం తక్కువ. కానీ దాదాపు పావువంతు స్కాన్లలో ఏదో అనుమానం కనిపించింది, అందులో 96 శాతం కాన్సర్ కాదు. రాత్రి రెండింటికి మోగే ప్రొడక్షన్ అలర్టులు గుర్తొచ్చాయా? ఇక్కడ అలర్టు మోగితే ఊపిరితిత్తిలో సూది దింపి ముక్క తీయాల్సి రావచ్చు.

మనకి ఇంకో చిక్కుంది: క్షయ. టీబీ మానినా మచ్చ మిగులుతుంది, స్కాన్లో అదీ మచ్చే, ఇదీ మచ్చే. పెదనాన్న విషయంలో జరిగింది దీనికి తిరగబడ్డ కథ. దగ్గు, ఎక్స్ రేలో నీడ. కఫంలో టీబీ పురుగు దొరక్కపోయినా ఆర్నెల్లు టీబీ మందులు మింగించారు. ఆఖర్న సీటీ తీసేసరికి వెన్నెముకకి పాకింది. మన దేశంలో 2016లో ప్రకటించిన కాన్సర్ స్క్రీనింగ్ పద్ధతిలో నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం ఉన్నాయి, ఊపిరితిత్తులు లేవు. టీబీ మచ్చల సంగతి తెలిశాక నేను దాన్ని తప్పు పట్టలేను. ఊరందరికీ తీసే పరీక్ష కాదిది.

మరి నాన్న సంగతి? యాభై ఎనిమిదేళ్ళు. రోజుకో పాకెట్ చొప్పున పాతికేళ్ళు కాల్చి, పెదనాన్న పోయిన రోజున మానేశాడు, నాలుగేళ్ళయింది. 2021 నాటి అమెరికా లెక్కలో (50 నుంచి 80 ఏళ్ళ వయసు, రోజుకో పాకెట్ చొప్పున ఇరవయ్యేళ్ళు, మానేసి పదిహేనేళ్ళు దాటకూడదు) ఆయన అచ్చంగా పడతాడు. చిన్నప్పుడు టీబీ కూడా వచ్చింది. తెలిసిన ఊపిరితిత్తుల డాక్టర్ని అడిగితే, తీయించొచ్చు గానీ పాత ఎక్స్ రేలు తెమ్మన్నారు, ఏ మచ్చ పాతదో ఏది కొత్తదో తేలాలట. బీరువా పైన సూట్ కేసులో ఉన్నాయేమో చూడమని అమ్మకి చెప్పాను. సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు రాజమండ్రి తీసుకెళ్తా.

నాన్న మాత్రం ఫోన్లో ఒకటే మాట: "తాతయ్య ఎనభై నాలుగేళ్ళు బతికాడ్రా."