చుక్కలవారింటి సంబంధం

సంబంధం చూడాలంటే అటేడు తరాలూ ఇటేడు తరాలూ విచారించాలనేవారు మన పెద్దవాళ్ళు. అంతా విచారించి, చివరికి మేనరికమే చేసేవారనుకోండి! "బయటి సంబంధం ఎందుకే, మన పిల్ల మన కళ్ళముందే ఉంటుంది" అంటూ మా అమ్మమ్మ ఎన్ని ముడులు వేయించిందో లెక్కలేదు. ఇప్పుడు నేను చెప్పబోయేది కుక్కల సంగతి. అయినా వింటూంటే మన ఇళ్ళలో మాటల్లాగే ఉంటుంది.

డాల్మేషియన్ అంటే తెలియనివారుండరు. తెల్లటి ఒళ్ళు, దానిమీద నల్లచుక్కలు. డోడీ స్మిత్ అనే ఆవిడ 1956లో నూటొక్క డాల్మేషియన్ల కథ రాస్తే, డిస్నీవారు 1961లో సినిమా తీశారు. దాంతో పిల్లలందరికీ ఆ కుక్కే కావాల్సి వచ్చింది. అంతకు చాలా ముందు ఇంగ్లండులో గొప్పవారి గుర్రబ్బళ్ళ పక్కన పరుగెత్తడం దాని ఉద్యోగం. పుట్టినప్పుడు పిల్లలు తెల్లగానే ఉంటాయి. చుక్కలు పైకి తేలడానికి రెండు వారాలు పడుతుంది.

చుక్కలైతే కనిపిస్తాయి. కనిపించనిది మరొకటి ఆ వంశంలో ఉంది. మిగతా కుక్కల ఒంట్లో తయారైన యూరిక్ యాసిడ్‌ను లివరు నీళ్ళలో బాగా కరిగే పదార్థంగా మార్చేస్తుంది. డాల్మేషియన్‌కు ఆ పని జరగదు. వింతేమిటంటే మార్చే సరంజామా అంతా లివరులో ఉంది. రోలుంది, రోకలుంది, వడ్లు లోపలికి తెచ్చే మనిషే లేడు! అందుకని యూరిక్ యాసిడ్ అలాగే మూత్రంలోకి పోయి, కొన్నిటిలో రాళ్ళు కడుతుంది. ఆడకుక్కలు ఎలాగో గట్టెక్కుతాయి. మగవాటికి మూత్రనాళం సన్నం గనుక రాయి అడ్డుపడితే ప్రాణం మీదికే వస్తుంది. మా వీధి చివర ఇంట్లో ఒక మగ డాల్మేషియన్ ఉండేది. ఒక రాత్రంతా కాలెత్తడం, దించడం, మూలగడం. తెల్లవారి పశువుల డాక్టరు గొట్టం వేస్తేగాని దానికి ఊపిరాడలేదు. ఆనాటి నుంచి ఆ ఇంట్లో కార్జం బందు, నీళ్ళు మాత్రం గిన్నెల కొద్దీ.

డాల్మేషియన్ మూత్రంలోని ఈ తేడాను 1916లోనే గమనించారు. ఇది తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా వస్తేనే బయటపడే లోపమని 1938 నాటికి తేలింది. సాధారణంగా ఇలాంటి లోపం ఉంటే, లోపంలేని జంటను వెతికి కలుపుతారు. పెంపకందారుల బాధ్యత అదేకదా. ఇక్కడ అదీ కుదరదు. జాతికుక్క ఏదైనా సరే రెండు వైపులా లోపమే. పెళ్ళికొడుకు ఇంట్లోనూ అదే, పెళ్ళికూతురు ఇంట్లోనూ అదే. తరాలుగా మంచి చుక్కలున్నవాటిని ఏరి ఏరి కలపడంలో చుక్కలతోపాటు ఇదీ వంశమంతా పాకి ఉంటుందని కొందరు శాస్త్రజ్ఞుల ఊహ.

మరి దారేమిటి? బయటి సంబంధమే. అమెరికాలో రాబర్ట్ షైబుల్ అనే జన్యుశాస్త్రవేత్త స్వయంగా డాల్మేషియన్లు పెంచేవాడు. ఆయన 1973లో ఒక డాల్మేషియన్‌ను పాయింటర్ జాతి కుక్కతో జతకట్టించాడు. ఒక్కసారే. ఆ పిల్లల్లో మంచి జన్యువు అందుకున్నవాటిని మళ్ళీ అచ్చ డాల్మేషియన్లతో కలిపాడు. వాటి పిల్లల్లోనూ అంతే. తరం తరానికీ పాయింటర్ పాలు సగం, పాతిక, అరపాతిక అవుతూ వచ్చింది. మంచి జన్యువు మాత్రం చెక్కుచెదరలేదు. అయిదో తరం వచ్చేసరికి చూసినవాడెవడూ డాల్మేషియన్ కాదనలేడు. 1981లో అమెరికన్ కెన్నెల్ క్లబ్ ఆ తరంలో రెండింటిని రిజిస్టరు చేసింది.

అంతే, గగ్గోలు! డాల్మేషియన్ క్లబ్బు సభ్యులకు ఎక్కడలేని వంశగౌరవమూ పుట్టుకొచ్చింది. రక్తం సంకరమైపోయిందన్నారు. చుక్కలు చిన్నవన్నారు. (మూత్రం ఆగి విలవిల్లాడే కుక్కకు చుక్కల సైజుతో ఏం పని, చెప్పండి?) 1984లో ఓట్లు వేసి వద్దన్నారు. కెన్నెల్ క్లబ్ వాళ్ళూ రిజిస్టర్ మూసేశారు. షైబుల్ మాత్రం మానలేదు. తరం తర్వాత తరం, పుస్తకానికెక్కని కుక్కల్ని పెంచుతూనే పోయాడు. నాకాయన మొండితనమే నచ్చింది.

2008లో కాలిఫోర్నియా పరిశోధకులు ఆ లోపమున్న జన్యువును పట్టుకున్నారు. ఇక వాదించడానికేం మిగల్లేదు. 2010లో ఇంగ్లండు కెన్నెల్ క్లబ్ ఈ వంశపు ఆడకుక్కనొకదాన్ని రిజిస్టరు చేసుకుంది. 2011లో అమెరికా క్లబ్బూ తలుపు తీసింది. ముప్ఫయ్యేళ్ళు! డాల్మేషియన్ ఆయుష్షు పన్నెండేళ్ళనుకున్నా, ఈలోగా ఎన్ని మగకుక్కలు ఆ నొప్పిపడి పోయి ఉంటాయో.

అన్ని లోపాలూ ఇలా ఒక్క సంబంధంతో పోవు. ఇదే జాతిలో పుట్టుచెవుడు కూడా ఎక్కువ. దానికి ఫలానా ఒక్క జన్యువే కారణమని చెప్పడానికి లేదు. అయిదారు వారాల పిల్లలకు తలమీద సన్నటి తీగలు పెట్టి వినికిడి పరీక్ష చేస్తారు. ఒక్క చెవే వినిపించనిది ఇంట్లో హాయిగా తిరుగుతుంది, యజమానికి అనుమానమైనా రాదు. అయినా దాన్ని సంతానానికి వాడకూడదు. యూరిక్ యాసిడ్ సంగతైతే ఇంకా సులువు. చెంప లోపల చిన్న బ్రష్షు తిప్పి పంపితే, మంచి జన్యువు రెండు పాళ్ళుందో, ఒకటుందో, అసలు లేదో చెప్పేస్తారు. ఒక్క పాలున్నా రాళ్ళ భయం తప్పినట్టే. చుక్కల పిల్లను కొనాలని మీ ఇంట్లో ఎవరైనా ముచ్చటపడుతుంటే, అమ్మేవారిని తల్లీ తండ్రుల పరీక్ష కాగితం అడగండి. కప్పులూ పతకాలూ చూపిస్తే చూడండి, కాగితం మాత్రం మళ్ళీ అడగండి.