డప్పుకు సెగ ఎందుకు?

డప్పు కొట్టేముందు గడ్డి మంట వేసి సెగ చూపడం మన ఊళ్లలో అందరం చూసిందే. తోలు గాలిలోని తేమను పీలుస్తుంది. అప్పుడు వదులై మోత చచ్చిపోతుంది. సెగ తగిలితే బిగిసి కణకణమంటుంది. గుండ్రటి చెక్క చట్రానికి చింతగింజల అంబలితో మేకతోలు అంటించి, తాళ్లతో లాగి కట్టేదీ ఆ బిగువు కోసమే.

ఈ అవస్థ మన ఒక్కరిదే కాదు. 1950ల దాకా అమెరికా బ్యాండువాళ్లూ దూడతోలు డ్రమ్ములతో తేమకు తిప్పలు పడ్డవాళ్లే. పాలియెస్టర్ ఫిల్మ్ వచ్చాక, 1957లో లాస్ ఏంజెలెస్‌లో రెమో బెల్లి అనే డ్రమ్మరు ఆ ఫిల్మ్‌తో డ్రమ్ము మూతల వ్యాపారం మొదలుపెట్టాడు. దానికి తేమ అంటదు, సెగ అక్కర్లేదు.

తరవాత మన డప్పుకూ ప్లాస్టిక్ మూత వచ్చింది. చెక్క బదులు ఇనుప చట్రం, తాళ్ల బదులు బోల్టులు. ఇనుము సులువుగా వంగదు కనుక మరింత గట్టిగా బిగించవచ్చు. మోత పదునుగా, గణగణలాడుతూ వస్తుంది. మందమైన తోలు ఆ గణగణను అణిచి, గుండెలో దిగే మోతనిస్తుంది. ఆ తేడా చెవికి తెలుస్తుంది.

క్యాంపులో మంట వేయనివ్వరు. అందుకే ఆఫీసులో కాగితాలు రాసుకునే మేమూ మీతోపాటు ప్లాస్టిక్ డప్పుకే అడుగులేస్తున్నాం. అందులో తప్పేమీ లేదు. కానీ తోలు డప్పును తరతరాలుగా నిలబెట్టింది మాదిగ పెద్దలు. ఆ మోత కావాలన్న ఊరే వాళ్లను దూరం పెట్టింది. ఇప్పుడు ఆ పని తెలిసిన చేతులు తగ్గిపోతున్నాయి. ఈసారి సెలవుకు వెళ్లినప్పుడు అలాంటి పెద్దాయన దగ్గర ఒక డప్పు చేయించుకుందాం, బేరమాడకుండా.