అనంతపురం టు ఢిల్లీ: గాల్లో 1,545 కి.మీ.. రోడ్డెక్కితే 1,900 పైనే! ఎందుకింత తేడా?

అనంతపురం నుంచి ఢిల్లీ ఎంత దూరం? మ్యాప్‌లో స్కేలు పెట్టి కొలిస్తే ఒక అంకె వస్తుంది. లారీ డ్రైవర్ ఇంకోటి చెబుతాడు. రైల్వే లెక్క మరోటి. విచిత్రం ఏంటంటే.. మూడూ కరెక్టే! పండ్లు పండించే రైతుకు మాత్రం ఈ తేడా చాలా ముఖ్యం. ఆ లెక్కేంటో చూద్దాం.

ఆకాశంలో గీత గీస్తే..
అనంతపురం 77.6 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది. ఢిల్లీ 77.2 డిగ్రీల మీద. అంటే ఇక్కడి నుంచి ఉత్తరానికి గీత గీస్తే దాదాపు నేరుగా ఢిల్లీకే చేరుతుంది. ఈ దూరం సుమారు 1,545 కిలోమీటర్లు.

రోడ్డు మీద..
రెండు నగరాలూ ఒకే హైవే మీద ఉన్నాయి. అదే నేషనల్ హైవే 44. ఇటువైపు పాత పేరు ఎన్‌హెచ్ 7. కర్నూలు, హైదరాబాద్, నాగ్‌పూర్, ఝాన్సీ, ఆగ్రా మీదుగా వెళ్తుంది. అయితే నాగ్‌పూర్ 79 డిగ్రీల రేఖాంశం మీద ఉండటంతో రోడ్డు తూర్పుకు వంగి మళ్లీ వెనక్కి వస్తుంది. అందుకే దూరం 1,900 కిలోమీటర్లు దాటిపోతుంది.

మరి విమానంలో?
అనంతపురం నగరానికి ఎయిర్‌పోర్టు లేదు. పుట్టపర్తిలో 1990లో విమానాశ్రయం కట్టినా, అక్కడి నుంచి ఢిల్లీకి రోజువారీ సర్వీసులు లేవు. దాంతో చాలామంది బెంగళూరు ఎయిర్‌పోర్టుకే వెళ్తారు. ముందు దక్షిణానికి సుమారు 180 కిలోమీటర్ల రోడ్డు ప్రయాణం. ఆ తర్వాత ఉత్తరానికి 1,700 కిలోమీటర్ల విమాన ప్రయాణం. రెండూ కలిపితే దాదాపు 1,880. అంటే ఇంచుమించు రోడ్డు దూరమే! కాకపోతే గాల్లో ఉండేది మూడు గంటలలోపే.

రైలులో ఎక్కువ దూరం.. తక్కువ టైమ్
2020 సెప్టెంబర్ 9న దక్షిణ భారతంలో తొలి కిసాన్ రైలు అనంతపురం నుంచి ఢిల్లీలోని ఆదర్శ్ నగర్‌కు బయల్దేరింది.  రైలు మార్గం దూరం 2,150 కిలోమీటర్లు. దీనికి పెట్టుకున్న ప్రయాణ సమయం 40 గంటలు.

ఇప్పుడు లారీ లెక్క చూడండి. గంటకు సగటున 45 కిలోమీటర్లు నడిచినా స్టీరింగ్ మీదే 42 గంటలకు పైగా పడుతుంది. భోజనం, నిద్ర, టోల్ గేట్ల దగ్గర ఆగేది దీనికి అదనం. అంటే 200 కిలోమీటర్లకు పైగా ఎక్కువ తిరిగి వెళ్లే రైలే ముందు చేరుతుందన్నమాట.

రైతుకు ఎందుకు ముఖ్యం?
అనంతపురంలో ఏడాదికి సగటున కురిసేది 550 మిల్లీమీటర్ల వానే. చీనీ, అరటి, దానిమ్మ తోటల్లో చాలావరకు బోరు నీళ్లు, డ్రిప్ మీదే బతుకుతాయి. దారిలో పండు మెత్తబడితే పోయేది రేటు ఒక్కటే కాదు, అంత కష్టపడి తోడిన నీళ్లు కూడా. అందుకే సరుకు పంపేటప్పుడు ఎన్ని కిలోమీటర్లు అని కాదు, ఎన్ని గంటలు అని అడగాలి.