కల్లు మండువ

కల్లు మండువ అనగా తాటి లేదా ఈత చెట్ల నుంచి దించిన కల్లును గీత కార్మికుడు పోయగా, ఊరివారు కూర్చుండి త్రాగే స్థలము. తెలంగాణలో దాదాపు ప్రతి పల్లెకూ ఒక మండువ ఉండేది. చాలా ఊళ్ళలో నేటికీ ఉన్నది. ఇది సాధారణంగా ఊరి చివర, చెరువు కట్ట క్రింద లేదా తాటివనంలోనే ఉంటుంది. గోదావరి, ప్రాణహిత నదులు కలిసే కాళేశ్వరం మొదలుకొని మహబూబాబాద్, జనగామ మెట్ట భూముల వరకు గల ప్రాంతంలో మండువ కేవలం త్రాగుడు స్థలం కాదు. పొలం పనుల మాట, పెళ్ళి సంబంధాల మాట, తగవుల పరిష్కారం, ఊరి వార్తలు అన్నీ అక్కడ నడుస్తాయి.

పేరు

కోస్తా జిల్లాలలో మండువా అనగానే నడుమ ఆకాశం కనిపించే పెంకుటింటి లోగిలి గుర్తుకు వస్తుంది. తెలంగాణ వాడుకలోని కల్లు మండువకు ఆ ఇంటితో సంబంధం లేదు. అక్కడ గోడలు, తలుపులు ఉండవలసిన పని లేదు. నాలుగు గుంజల పందిరి ఉన్నా చాలు, అది కూడా లేకున్నా నడుస్తుంది. కోస్తాలో దీనినే కల్లు పాక అంటారు. హైదరాబాదు నగరంలో పాతకాలపు పేరు సేంధీఖానా. ఉర్దూలో ఈత కల్లును సేంధీ అని, తాటి కల్లును తాడీ అని వ్యవహరించేవారు. తరువాతి కాలంలో నగరంలో కల్లు కాంపౌండు అనే మాట స్థిరపడింది. పల్లెలలో మాత్రం పెద్దలు మండువ పేరు కూడా ఎత్తక, "తాళ్ళల్లకు పోయిండు" అని చెప్పి ఊరుకుంటారు.

చెట్లు, కాలము

కల్లునిచ్చే చెట్లలో ముఖ్యమైనవి తాడి (బొరాసస్ ఫ్లాబెల్లిఫర్), ఈత (ఫీనిక్స్ సిల్వెస్ట్రిస్). ఏజెన్సీ అడవులలో జీలుగు (కార్యోట యూరెన్స్) కల్లు కూడా త్రాగుతారు. ఈత కల్లు ప్రధానంగా చలికాలపు పంట. తాటి కల్లు చలి తగ్గుముఖం పట్టినప్పటి నుంచి వేసవి చివరి దాకా దొరుకుతుంది. తాడిచెట్లలో ఆడ, మగ చెట్లు వేరువేరు. చెట్టును బట్టి, గీసే కాలాన్ని బట్టి పోద్దాడు, పరుపుదాడు, పండుదాడు అనే పేర్లు ఏర్పడినవి. అలవాటుపడిన వారు రుచి చూసి ఇది ఏ చెట్టు కల్లో చెప్పగలరు.

తాడిచెట్టుకు పూగెల కొనను పలుచగా చెక్కి దానికి లొట్టి కట్టుతారు. ఈతచెట్టుకు అట్లు కాదు. మొవ్వు క్రింద కాండాన్నే చెక్కి, కారే రసాన్ని కుండలోనికి మళ్ళిస్తారు. ఒక ఏడు ఒక వైపు, మరుసటి ఏడు దాని ఎదుటి వైపు చెక్కుతారు గనుక ముదురు ఈతచెట్ల బోదె వంకరటింకరగా మెట్లు మెట్లుగా కనిపిస్తుంది. ఆ గాట్లను లెక్కపెట్టి చెట్టు ఎన్ని ఏండ్లుగా గీతలో ఉన్నదో చెప్పవచ్చును.

గీత కార్మికుడు నడుమునకు మోకు బిగించి, పాదాలకు తాడు బంధం వేసుకొని, కత్తులు గల ముస్తాదును వెనుక కట్టుకొని చెట్టెక్కుతాడు. రోజుకు కనీసం రెండుసార్లు, అనేక చెట్లు ఎక్కి దిగవలసి ఉంటుంది. ఒక్కపూట గీయకున్నా గెల కొన ఎండిపోయి ధార తగ్గుతుంది. కాబట్టి ఈ వృత్తిలో పండుగ సెలవు లేదు.

చెట్టు నుంచి కారేటప్పుడు రసం తియ్యగా ఉంటుంది, ఇదే నీరా. గాలిలోను, కుండలోను ఉండే ఈస్టు (శాకరోమైసిస్ జాతి), ఇతర సూక్ష్మజీవులు దానిలోని చక్కెరను ఆల్కహాలుగా మార్చడం చెట్టు మీదనే మొదలవుతుంది. కుండ లోపల సున్నం పూస్తే పులియడం ఆగి నీరాగా నిలుస్తుంది. సున్నం లేని కుండలో ఒక పగలు గడిచేసరికి రసం సుమారు 4 నుంచి 6 శాతం ఆల్కహాలు గల కల్లు అవుతుంది. ఇంకా నిలువ ఉంచితే పులిసి వినెగర్ వలె మారుతుంది. ప్రొద్దుటి కల్లు తీపి, మధ్యాహ్నానికి పులుపు, మాపటికి ఘాటు. కల్లుకు నిలువ గుణం లేదు. చెట్టు ఉన్న చోటనే, దించిన పూటనే త్రాగవలసిన పానీయం కావడం చేతనే మండువ చెట్ల క్రింద పుట్టింది.

మండువలో

లొట్టి దించగానే కల్లులో తేనెటీగలు, చీమలు, పీచు ఉంటాయి. తాటి మట్టల మొదట వలవలె ఉండే పన్నాట దీనిని వడగట్టడానికి పనికివస్తుంది. త్రాగడానికి తాటాకును దోనె వలె మడిచి కట్టిన రేక వాడుతారు. మోదుగాకు దొప్పలు కూడా వాడుకలో ఉన్నవి. రేకను రెండు చేతులా పట్టుకొని నోటికి ఆనించుకుంటే, గీత కార్మికుడు పైనుంచి బింకితో సన్నగా పోస్తాడు. త్రాగేవాడు చాలని తల ఊపే వరకు ధార ఆగదు. గ్లాసులో, సీసాలో ఈ మర్యాద లేదు.

మొదటి చుక్కలు నేలకు వదలడం ఆచారం. దేవతకు కల్లు వదలడాన్ని సాక పోయడం అంటారు. గౌడులు రేణుక ఎల్లమ్మను, కాటమయ్య అని పిలిచే కంఠమహేశ్వరుని కొలుస్తారు. బోనాలలోను, ఎల్లమ్మ పండుగలోను కల్లు సాక తప్పనిసరి. పెళ్ళికి, చావు తరువాత జరిగే దినాలకు కూడా చుట్టాలకు కల్లు పోయనిదే మర్యాద జరిగినట్లు భావించని కుటుంబాలు ఎన్నో ఉన్నవి.

కల్లుతో పాటు నంజుకునే వాటిని సాకన అంటారు. ఉడకబెట్టిన బొబ్బెర గుడాలు, శనగ గుడాలు, వేయించిన పల్లీలు, ఎండుచేపలు, బోటి కూర వీటిలో ముఖ్యమైనవి. మండువ ప్రక్కన సాకన అమ్మి సంసారాలు నడుపుకొన్న స్త్రీలు ప్రతి ఊరిలోను కనిపిస్తారు. తెలంగాణలో స్త్రీలు కల్లు త్రాగడం తప్పుగా ఎంచబడదు. అయితే పల్లె మండువలో కూర్చునేది ఎక్కువగా పురుషులే. స్త్రీలు ఇంటికి తెప్పించుకుంటారు.

మండువలో అందరూ సమానమే అని తరచుగా వ్రాస్తారు. ఇది సగం నిజమే. రేక ఒక్కసారి వాడి పారవేసేది గనుక ఎంగిలి పాత్ర తగవు లేదు. రైతు, కూలీ, సాలె, కుమ్మరి ఒకే లొట్టి కల్లు త్రాగేవారు. కాని కూర్చునే చోటులో కులభేదం పాటించిన గ్రామాలు లేకపోలేదు. దళితులు దూరంగా కూర్చునే పద్ధతి ఇటీవలి కాలం వరకు కొనసాగింది.

వాడిక

పూర్వం కల్లుకు ప్రతిసారీ రొక్కం చెల్లించేవారు కాదు. గీత కార్మికునికీ కుటుంబానికీ మధ్య వాడిక అనే ఏర్పాటు ఉండేది. ఏడాది పొడుగునా కల్లు పోయించుకొన్న రైతు పంట చేతికి వచ్చినప్పుడు ధాన్యం కొలిచి ఇచ్చేవాడు. తనకు కల్లు వచ్చే చెట్టేదో త్రాగేవానికి తెలుసు, ఎక్కేవాడు తెలుసు, దించిన వేళ తెలుసు. కల్లులో నీళ్ళు కలిపినవాడు మరునాడు అదే మనుషుల ముఖం చూడవలసి ఉండేది. మండువ మీద ఊరికి గల నమ్మకం ఈ పరిచయం మీదనే ఆధారపడి ఉన్నది. చెట్టుకూ త్రాగేవానికీ మధ్య దూరం పెరిగిన చోట ఏమి జరిగినదో తరువాతి భాగాలలో చూడవచ్చును.

ఇతర దేశాలలో

ఇటువంటి స్థలాలు ఇతర సమాజాలలోను కలవు. ఐర్లండులోని సాంప్రదాయ పబ్బు వీటిలో ప్రసిద్ధమైనది. పబ్బు అన్నది పబ్లిక్ హౌస్ అనే మాటకు సంక్షిప్తం. ఆ దేశపు నైరుతి సముద్ర తీరాన గల డింగిల్ అనే చిన్న పట్టణంలో ఒకే గదిలో ఒక ప్రక్క ఇనుప సామాను, మరొక ప్రక్క బీరు అమ్మే పబ్బు ఉన్నది. తోలుపని దుకాణంగా నడిచిన మరొక పబ్బులో ఆ పాత బల్లలను అట్లే ఉంచారు. బెస్తవారు, రైతులు, యాత్రికులు అక్కడ చేరి ఫిడేలు పాటలు వింటారు. అమెరికా సామాజిక శాస్త్రవేత్త రే ఓల్డెన్‌బర్గ్ 1989లో వెలువరించిన గ్రంథంలో ఇల్లు, పనిచోటు కాక మనుషులు నిత్యం కలుసుకొనే ఇటువంటి చోట్లను "మూడవ స్థలము" అని పేర్కొన్నాడు. మండువ కూడా ఆ కోవకే చెందుతుంది. ఒక్క తేడా ముఖ్యమైనది. పబ్బులోని బీరు పీపాలో దూరం నుంచి వచ్చినా చెడదు; కల్లు అట్లు ప్రయాణం చేయలేదు.

చరిత్ర

ఈ ప్రాంతపు గీత వృత్తితో ముడిపడిన చారిత్రక పురుషుడు సర్వాయి పాపన్న. జనగామ జిల్లా రఘునాథపల్లి మండలంలోని ఖిలాషాపూర్‌లో ఆయన కోట నేటికీ ఉన్నది. గీత కార్మిక కుటుంబంలో పుట్టిన పాపన్న మొఘలు అధికారాన్ని ధిక్కరించి 1708లో వరంగల్లుపై దాడి చేశాడు. 1710లో చంపబడ్డాడు. ఆయన గాథను జానపద గాయకులు నేటికీ పాడుతారు.

నిజాం రాజ్యంలో ఆబ్కారీ ప్రభుత్వానికి ప్రధాన ఆదాయ వనరులలో ఒకటి. కల్లు అమ్మే హక్కును హర్రాజు వేసి ముస్తాజర్లు అనే గుత్తేదారులకు ఇచ్చేవారు. చెట్టెక్కేవాడు వారి క్రింద కూలీగా మిగిలిపోయాడు. ఈ గుత్తేదారీ పద్ధతికి వ్యతిరేకంగా గీత కార్మికులను సంఘటితం చేసిన వారిలో ముఖ్యులు బొమ్మగాని ధర్మభిక్షం (1922-2011). తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఈయన 1991, 1996 ఎన్నికలలో నల్లగొండ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. తరువాత ఏర్పడిన గీత కార్మిక సహకార సంఘాల ద్వారా చెట్లు గీసే హక్కు, దుకాణం నడిపే హక్కు చాలా చోట్ల వృత్తిదారులకే దక్కినవి.

ఆంధ్ర ప్రాంతపు కథ వేరు. అక్కడ మద్యనిషేధం గీత కార్మికుల జీవనాన్ని దెబ్బతీసింది. ఆ వివాదం మీదనే 1954 నవంబరులో టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం శాసనసభలో ఒక్క ఓటు తేడాతో ఓడిపోయింది. కల్లు కారణంగా ఒక ప్రభుత్వం పడిపోయిందని చెప్పినా అతిశయోక్తి కాదు.

నగర కాంపౌండులు, కల్తీ

హైదరాబాదు పెరిగిన కొద్దీ చుట్టుప్రక్కల చెట్లు తరిగిపోయినవి. కాంపౌండులు మాత్రం మిగిలినవి. ఇటుకలు మోసే కూలీలు, రిక్షా లాగేవారు, వలస వచ్చిన స్త్రీలు వీటికి ఆధారం. ఒక్కొక్క చెట్టు ఇచ్చేది రోజుకు కొద్ది లీటర్లు, అదీ కొన్ని నెలలే. కాంపౌండుకు కావలసినది ఏడాది పొడుగునా వందల సీసాలు. ఈ లెక్క కుదరదు. ఆ లోటును రసాయనాలతో పూడ్చారు. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్, ఆల్ప్రజోలామ్ వంటి మత్తుమందులు, తీపికి శాకరిన్, పులుపుకు సిట్రిక్ ఆమ్లం కలిపిన నీటిని కల్లు పేరుతో అమ్మడం వ్యాపించింది. నిజామాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాల పల్లెలకు కూడా ఇది ప్రాకింది.

2004లో వై.యస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం హైదరాబాదులోని కల్లు దుకాణాలను మూయించింది. దీనివలన వృత్తి కోల్పోయామని గౌడ సంఘాలు ఆందోళన చేసినవి. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత 2014లో అవి తిరిగి తెరవబడినవి.

2015 సెప్టెంబరులో కల్తీపై అధికారులు దాడులు జరిపినప్పుడు మరొక ప్రమాదం బయటపడింది. మత్తుమందుకు అలవాటుపడినవారికి అది హఠాత్తుగా దొరకకపోవడంతో వణుకు, మూర్ఛలు, మతిభ్రమణం కలిగినవి. నిజామాబాదు ఆసుపత్రులకు, హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి వందల మంది తరలివచ్చారు, కొందరు మరణించారు. ఇటువంటి అలవాటు గలవారు వైద్యుని పర్యవేక్షణలో క్రమంగా మానవలసి ఉంటుంది గాని ఒక్కసారిగా మానరాదు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు త్రాగి పలువురు మరణించిన తరువాత ఈ విషయం మరల చర్చకు వచ్చింది.

ఈత కల్లు మూత్రపిండాలలోని రాళ్ళను కరిగిస్తుందని ప్రజలలో గట్టి నమ్మకం ఉన్నది. కల్తీ లేని కల్లయినా మద్యమే గనుక మితిమీరితే కాలేయానికి చేటు చేస్తుంది.

గీత వృత్తి నేడు

చెట్టు మీదనుంచి జారిపడి ఏటా కార్మికులు మరణిస్తున్నారు, నడుములు విరిగి మంచాన పడుతున్నారు. మరణించిన వారి కుటుంబానికి 5 లక్షల రూపాయల పరిహారం ఇచ్చే పథకం ఉన్నది. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వం "కాటమయ్య రక్షక కవచం" పేరిట జారిపడకుండా ఆపే పట్టీలు, తాళ్ళు గల సామగ్రిని పంపిణీ చేయడం ప్రారంభించింది. నీరా అమ్మకానికి 2023 మే నెలలో హైదరాబాదు నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ తెరవబడింది. అక్కడ ఏసీ గదిలో కూర్చుండి త్రాగే తియ్యని నీరాకు, మండువలోని కల్లుకు పోలిక తక్కువ.

గౌడుల పిల్లలు చదువుకొని ఇతర ఉద్యోగాలకు పోతున్నారు. మోకు పట్టేవారిలో నడివయసు దాటినవారే ఎక్కువ. పొలాలు ఇళ్ళ స్థలాలుగా మారే చోట తాళ్ళు నరికివేయబడుతున్నవి. రహదారుల వెంట, చెరువు గట్ల మీద ప్రభుత్వం హరితహారం క్రింద ఈత, తాటి మొక్కలు నాటించింది. ఈతచెట్టు కొద్ది ఏండ్లలోనే గీతకు వస్తుంది. తాడి పూయడానికి పన్నెండు నుంచి ఇరవై ఏండ్లు పడుతుంది.