వినయం నుంచి లంచం దాకా: ‘అవినీతి’ మాట చరిత్ర

నేడు ‘అవినీతి’ అనగానే లంచమే స్ఫురిస్తుంది గాని, ఆ మాట పుట్టుకలో డబ్బు ప్రసక్తి లేదు. ‘వినయం’, ‘వినీతుడు’ అనే మాటలతో ఒకే ధాతువు పంచుకున్న ఈ సంస్కృత పదం అణకువలేని, శిక్షణలేని నడవడిని సూచించేది. అమరకోశం కూడా అవినీతుణ్ణి గర్విష్ఠుడి సరసనే చేర్చింది. పశ్చిమ గంగవంశంలో అవినీతుడు, ఆయన కుమారుడు దుర్వినీతుడు అనే పేర్లతోనే రాజులు ఏలారంటే, ఆనాటికి ఆ మాటలో మచ్చ కన్నా తలవంచని తనమే ఎక్కువగా ధ్వనించి ఉండాలి.

సొమ్ముకు లొంగే ఉద్యోగికి తెలుగులో ‘లంచగొండి’ అనే సూటి మాట ఉండనే ఉంది. దాని పక్కన, అరబ్బీలో పుట్టి రెవెన్యూ పరిభాష ద్వారా వచ్చిన ‘మామూలు’ మొదట ఆచారాన్ని మాత్రమే చెప్పేది. గ్రామ లెక్కలు రాసే కరణానికి జీతానికి బదులు మాన్యాలు, అంటే పన్ను తగ్గించిన లేదా మినహాయించిన భూములు, వాటితోపాటు మేరలు, అంటే కళ్లంలో పంట నుంచి కొలిచి ఇచ్చే వాటాలు ఉండేవి కాబట్టి, రైతు చేతి నుంచి పుచ్చుకోవడం తప్పుగా తోచేది కాదు. 1860 నాటి శిక్షాస్మృతిలోని 161వ సెక్షన్, చట్టబద్ధమైన వేతనం కాక ప్రభుత్వోద్యోగి తన పనికి మరే ప్రతిఫలం పుచ్చుకున్నా నేరమేనని నిర్దేశించడంతో, పాత ఆచారంలో కొంత భాగం కొత్త చట్టం కింద లంచమైంది. పేరు మాత్రం మామూలుగానే మిగిలింది.

పంతొమ్మిదో శతాబ్దపు ఉత్తరాంధ్రలో నీతిచర్చ కచేరీ కన్నా ఇంటిచుట్టూనే ఎక్కువగా తిరిగింది. 1892లో ప్రదర్శితమై 1897లో అచ్చయిన గురజాడ ‘కన్యాశుల్కం’ పీఠిక, విజయనగరం మహారాజు తయారు చేయించిన జాబితా ప్రకారం విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో 1,034 శుల్కవివాహాలు, అంటే వధువు తరఫువారికి సొమ్ము చెల్లించి చేసుకునే పెళ్లిళ్లు, జరిగాయని చెబుతుంది. కచేరీ మామూళ్లకు అలాంటి జాబితా అందులో లేదు. నాటకంలో పోలీసులూ వకీళ్లూ సొమ్ము చుట్టూ తిరుగుతున్నా, నీతి పేరిట పెద్ద రభస వేశ్యల విషయంలోనే జరుగుతుంది. ఈ పక్షపాతాన్ని గురజాడ గమనించే రాశాడనిపిస్తుంది.

1947లో వచ్చిన కేంద్ర చట్టాన్ని తెలుగులో ‘అవినీతి నిరోధక చట్టం’ అనడం, 1961లో ఆంధ్రప్రదేశ్‌లో అవినీతి నిరోధక శాఖ ఏర్పడడం ఆ మాటను ఉద్యోగి చేతికి కట్టిపడేశాయి. విశాలమైన పాత అర్థాన్ని మోయడానికి ‘నైతిక పతనం’ అనే పదబంధాన్ని వాడుకోవలసి వచ్చింది.

విశాఖ నుంచి విజయనగరం పోయే దారిలోని ఆనందపురం వైపు నగరం విస్తరించేకొద్దీ, ఈ మాట ఎక్కువగా భూమి విషయంలోనే వినిపిస్తోంది. భూమిలేని పేదలకు సాగుకోసం ఇచ్చిన డి పట్టా భూముల అమ్మకాన్ని 1977 చట్టం నిషేధించింది. వంశపారంపర్య కరణాల వ్యవస్థ 1984లో రద్దయింది. అయినా రికార్డు ఎవరి చేతిలో ఉంటే విలువ వారి చేతిలో ఉండే స్థితి పోలేదు. 2017లో విశాఖ జిల్లా భూరికార్డుల తారుమారుపై ప్రభుత్వం ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని నియమించవలసి వచ్చింది. పత్రికలు దీన్ని అవినీతి అని రాస్తాయి. జనం నోట మాత్రం ఉద్యోగి ‘తిన్నాడు’ అనే మాటే వస్తుంది.